మరణాల పట్టికలో చేరని గాయం: నల్లగొండ, మహబూబ్‌నగర్ అటవీ సీమల్లో ఎలుగుబంటి - మనిషి సంబంధాల చరిత్ర

వ్యాససంగ్రహం

దక్షిణ తెలంగాణ మెట్టసీమలోని గుట్టల్లోనూ, నల్లమల ఉత్తర భాగమైన అమ్రాబాద్ పీఠభూమిపైనా ఎలుగుబంటి మనిషికి తరతరాల పొరుగు. ఈ జంతువును మ్యూజియం శాస్త్రం ఒక రకంగా, వలస పాలన మరో రకంగా, వీధి ప్రదర్శన ఇంకో రకంగా, స్వతంత్ర భారత చట్టం వేరొక రకంగా నిర్వచించాయి. ఆ నిర్వచనాలన్నీ జంతువు గుణాన్ని గురించినవే. అడవిలో మనిషి, ఎలుగు ఎదురుపడే సందర్భాన్ని గురించి అవి చెప్పింది తక్కువ. ఎలుగు వల్ల కలిగే ప్రమాదం ప్రధానంగా ఆ సందర్భానికి చెందినదనీ, మరణాలను మాత్రమే లెక్కించిన పాలనా పద్ధతి వల్ల దాని అసలు స్వరూపం చరిత్రలో మరుగున పడిందనీ ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఎలుగుబంటి, గుడ్డెలుగు, అమ్రాబాద్, నల్లమల, చెంచులు, అటవీ ఫలసాయం, వన్యప్రాణి సంరక్షణ చట్టం, పర్యావరణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు పునర్వ్యవస్థీకరణకు పూర్వం ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను ఈ వ్యాసం ఒక భౌగోళిక ఖండంగా తీసుకుంటుంది. ఈ ఖండంలో అధిక భాగం నల్లరాతి గుట్టలతో, ఎర్రచెలక నేలలతో, చెరువులతో కూడిన మెట్టప్రాంతం. రాచకొండ, దేవరకొండ, భువనగిరి వంటి దుర్గాలు వెలసినది ఇటువంటి గుట్టలమీదనే. దక్షిణాన కృష్ణానదికి చేరువయ్యేకొద్దీ నేల స్వరూపం మారి, అమ్రాబాద్ పీఠభూమి, దానికి తూర్పున దేవరకొండ దిశగా చందంపేట అడవులు మొదలవుతాయి. నది దాటితే నల్లమల దక్షిణ భాగం.

ఎలుగుబంటికి ఈ రెండు రకాల నేలలూ నివాసయోగ్యాలే. గుట్టల్లో బండల మధ్య ఏర్పడిన సందులు, గుహలు దానికి పగటి విశ్రాంతి స్థలాలు, ఈనే తావులు. అడవిలోని పుట్టలు, పండ్లచెట్లు, తేనెపట్టులు దానికి ఆహారం. అదే గుట్టమీద మేకల కాపరి తిరుగుతాడు. అదే చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుకునే స్త్రీ వంగి ఉంటుంది. ఈ సహవాసం కొత్తది కాదు. కొత్తది దాని నమోదు. ఆ నమోదులో ఏది చేరింది, ఏది చేరలేదు అన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. పేర్లు, పురాణం: సమాజంలో నిలిచిన ఎరుక

సంస్కృత భల్లూకం కావ్యభాషలో నిలవగా, వాడుకలో ఎలుగు, ఎలుగుబంటి, ఎలుగ్గొడ్డు అనే మాటలున్నాయి. తెలంగాణలో విరివిగా వినిపించేది గుడ్డెలుగు. ఆ మాటలో గుడ్డితనం ధ్వనిస్తుంది. ఈ జంతువుకు చూపు మందమనీ, వాసనను పసిగట్టే శక్తి చాలా అధికమనీ జంతుశాస్త్రం చెబుతుంది. పట్టు విడవని మనిషి పట్టుదలకు 'భల్లూకపు పట్టు' అనే పలుకుబడి ఉంది. తెలుగులో 'ఎలుగు' అంటే కంఠస్వరం కూడా. 'ఎలుగెత్తి పిలిచాడు' అన్నప్పుడు వినిపించేది ఆ రెండో అర్థం. ఈ రెండు మాటలకు రూపసామ్యం తప్ప సంబంధం చెప్పనవసరం లేదు. అయితే అడవిలో ఎలుగు బారిన పడకుండా ఉండటానికి ఎలుగెత్తి మాట్లాడుతూ నడవడం ఒక మార్గమన్న విషయం ముందుముందు ప్రస్తావనకు వస్తుంది.

పౌరాణిక సంప్రదాయంలో ఎలుగు క్రూరమృగంగా కాక, పెద్దరికం గల పాత్రగా ప్రవేశిస్తుంది. రామాయణంలో జాంబవంతుడు అనుభవజ్ఞుడైన వృద్ధమంత్రి. భాగవత దశమస్కంధంలోని శమంతకోపాఖ్యానంలో అతడు శ్రీకృష్ణునితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడతాడు. పోతన తెనిగించిన భాగవతం ద్వారా తెలుగువారికి బాగా పరిచితమైన ఈ కథలో పోరు మొదలయ్యే తీరు గమనింపదగినది. కృష్ణుడు జాంబవంతుని గుహలో ప్రవేశిస్తాడు. అక్కడ పసిబిడ్డ మణితో ఆడుకుంటూ ఉంటుంది. అపరిచితుని చూసిన దాది కేక పెడుతుంది. జాంబవంతుడు వచ్చినవాడెవరో ఎరుగక తలపడతాడు, ఎరిగిన వెంటనే శాంతిస్తాడు. దీనిని జంతుశాస్త్ర ప్రమాణంగా స్వీకరించరాదు. అయినా గుహ, పిల్ల, అకస్మాత్తుగా వచ్చిన మనిషి అనే మూడు అంశాలు కలిసినచోట పోరు పుడుతుందన్న ఊహ ఈ కథకు ఆధారమైంది. ఎలుగు దాడులను అధ్యయనం చేసిన ఆధునికులు ప్రధాన కారణాలుగా చెప్పినవాటిలో ఈ మూడూ ఉన్నాయి.

3. జంతువు స్వభావం: ఒక పొరపాటు, కొన్ని నిర్ధారణలు

ఈ ఎలుగు శాస్త్రలోకంలోకి ఒక పొరపాటుతో అడుగుపెట్టింది. 1791లో ఇంగ్లండుకు చెందిన జార్జ్ షా దీనిని దక్షిణ అమెరికాలో చెట్లను పట్టుకుని వేలాడే స్లోత్ అనే మందగమన జంతువు కుటుంబంలో చేర్చి 'బ్రాడిపస్ ఉర్సైనస్' అని పేరు పెట్టాడు. పొడవైన వంకర గోళ్లు, పైదవడలో ముందు పళ్లు లోపించడం ఆ పొరపాటుకు హేతువులు. 1793లో మేయర్ 'మెలూర్సస్' అనే ప్రజాతి నామాన్ని కల్పించాడు. తేనె ఎలుగు అని దాని అర్థం. ఇప్పటి శాస్త్రనామం మెలూర్సస్ ఉర్సైనస్. ప్రజాతి సరిదిద్దబడినా ఆంగ్ల వ్యవహారంలో 'స్లోత్ బేర్' అన్న పేరు అలాగే మిగిలింది. ఆ పేరు వల్ల దీనిని సోమరి జంతువని తలచే భ్రమ చదువుకున్నవారిలో నేటికీ ఉంది.

గోళ్లు చెట్లకు వేలాడటానికి కాదు, గట్టిపడిన చెదపుట్టను తవ్వడానికి. పైదవడలోని నడిమి రెండు ముందు పళ్లు లేకపోవడం వల్ల ఏర్పడిన సందు గుండా చెదపురుగులను గాలితో సహా పీల్చుకుంటుంది. అప్పుడు ముక్కుపుటాలను మూసుకోగలదు. పీల్చేటప్పుడు వచ్చే చప్పుడు చాలా దూరానికి వినిపిస్తుంది. పుట్టలో తల దూర్చి తానే అంత చప్పుడు చేస్తున్న జంతువుకు మనిషి అడుగుల సవ్వడి వినిపించదు. మందమైన చూపు, తిండి ధ్యాస, ఎదురుగాలి ఒకచోట చేరినప్పుడు మనిషి చాలా సమీపానికి వచ్చేవరకు అది గుర్తించలేదు.

మగ ఎలుగు బరువు సుమారు 80 నుండి 145 కిలోలు, ఆడదాని బరువు 55 నుండి 95 కిలోలు. చలికాలంలో గుహలో ఈనుతుంది. సాధారణంగా ఒకటి లేక రెండు పిల్లలు పుడతాయి. బయటికి వచ్చిన పిల్లలను తల్లి వీపుమీద మోస్తూ తిరుగుతుంది. ఎలుగులు సాధారణంగా రాత్రిపూట, సంజవేళల్లో సంచరిస్తాయి. కాని పిల్లల తల్లులు పులి వంటి రాత్రించర జంతువుల నుండి తప్పించుకోవడానికి పగలు ఎక్కువగా తిరుగుతాయని నేపాల్‌లోని చిత్వన్ అడవుల పరిశోధనలు తెలిపాయి. మనుషులు అడవిలో పనిచేసేది కూడా పగలే. కనుక దాడికి అత్యంత అవకాశమున్న ఎలుగు, దాడి నుండి తప్పించుకునే అవకాశం తక్కువగా ఉన్న మనిషి ఒకే వేళలో ఒకే చోట ఉంటారు.

భయపడిన ఎలుగు పారిపోకుండా పైబడటానికి శాస్త్రజ్ఞులు చెప్పే కారణం దాని పరిణామ చరిత్రలో ఉంది. పులులున్న నేలలో ఈ జాతి రూపొందింది. ఇది పులికన్నా వేగంగా పరుగెత్తలేదు. చెట్టెక్కినా చిరుత వెంబడించగలదు. కనుక నిలబడి, అరిచి, ఎదురుదాడి చేయడమే దానికి మిగిలిన రక్షణ. పులిపట్ల అలవడిన ఈ ప్రతిక్రియనే మనిషిపట్లా చూపుతుంది. అది మనిషిని తినడానికి రాదు. తనకూ పిల్లలకూ ఎదురైన ముప్పును తొలగించుకున్నాక చాలా సందర్భాల్లో వదిలిపోతుంది.

ఇతర ఖండాల ఎలుగులతో పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది. స్టీఫెన్ హెరెరో బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1900 నుండి 2009 వరకు ఉత్తర అమెరికాలో నల్ల ఎలుగుల వల్ల 63 మంది మరణించారు. ఆ మరణాలకు దారితీసిన దాడుల్లో అధిక భాగం ఎర కోసం చేసిన దాడులే. 2000 నుండి 2015 వరకు ప్రపంచవ్యాప్తంగా గోధుమవర్ణపు ఎలుగు చేసిన 664 దాడులను పరిశీలించి 2019లో వెలువడిన అధ్యయనంలో మాత్రం, పిల్లలతో ఉన్న తల్లి ఎదురుపడిన సందర్భాలు దాదాపు సగం. అందులో మరణాల శాతం 14.3. 'ఎలుగు ప్రమాదకరమా' అన్న ప్రశ్నకు జాతిని బట్టి, సందర్భాన్ని బట్టి సమాధానం మారుతుందని ఇవి చూపుతాయి. దక్కను ఎలుగు విషయంలో ఎర కోసం వేట అనే కారణం దాదాపు లేదు. ఉన్నది అకస్మాత్తు భేటీ.

4. ఒకే అడవి, రెండు పాలనలు

వలసకాలంలో నల్లమల రెండు పాలనల మధ్య చీలి ఉంది. కృష్ణకు దక్షిణాన ఉన్న కర్నూలు జిల్లా మద్రాసు రాజధానికి చెందినది. ఉత్తరాన అమ్రాబాద్ నిజాం రాజ్యంలోనిది. పాలమూరుకు 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుమీదుగా మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది. ఆయన పులివేటలో ప్రసిద్ధుడు. అమ్రాబాద్ పీఠభూమిపైనున్న ఫర్హాబాద్ నిజాముల వేట విడిదిగా పేరు పొందింది. నది ఇవతలి ఒడ్డున అడవికి రాచవేట ప్రాధాన్యం ఉండగా, అవతలి ఒడ్డు బ్రిటిష్ పట్టికల పరిధిలో ఉంది.

1870ల నుండి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం క్రూరమృగాల వల్ల, పాముల వల్ల మరణించిన మనుషుల సంఖ్యను, పశువుల సంఖ్యను, చంపబడిన మృగాల సంఖ్యను, చెల్లించిన బహుమతుల మొత్తాన్ని ఏటేటా పట్టికలుగా ప్రచురించింది. పులి, చిరుత, తోడేలు, ఏనుగు, దుమ్ములగొండి సరసన ఎలుగు కూడా ఆ పట్టికల్లో ఒక గడిని పొందింది. మృగాన్ని చంపి ఆనవాలు చూపినవారికి బహుమతి. మహేశ్ రంగరాజన్ పరిశోధన ప్రకారం 1875 నుండి 1925 వరకు బహుమతుల కోసం 80,000కు పైగా పులులు, 1,50,000కు పైగా చిరుతలు, 2,00,000 తోడేళ్లు హతమయ్యాయి. 'ప్రమాదకర మృగాలపై యుద్ధం' అని ఆయన పేర్కొన్న ఈ విధానంలో మృగం ప్రమాదకరమా కాదా అన్నది జాతిపేరుతోనే నిర్ణయమయ్యేది. అది ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు పైబడిందన్న వివరానికి పట్టికలో గడి లేదు.

ఆ పట్టికలకు మరో పరిమితి ఉంది. అవి మృతులను లెక్కించాయి, క్షతగాత్రులను లెక్కించలేదు. పులి విషయంలో ఈ లోపం అంతగా బాధించదు, ఎందుకంటే పులి పట్టిన మనిషి సాధారణంగా బతకడు. ఎలుగు విషయంలో ఈ లోపం చిత్రాన్నే తారుమారు చేస్తుంది. దీనిని నిరూపించడానికి అవిభక్త మధ్యప్రదేశ్‌కు సంబంధించిన రాజ్‌పురోహిత్, క్రౌస్‌మన్‌ల అధ్యయనం ఉపకరిస్తుంది. 1989 ఏప్రిల్ నుండి 1994 మార్చి వరకు అక్కడ ఎలుగు బారిన పడినవారు 735 మంది. వారిలో మరణించినవారు 48 మంది. అంటే నూటికి దాదాపు 93 మంది గాయాలతో బతికారు. ఉత్తర బిలాస్‌పూర్ అటవీ విభాగంలో 1998 నుండి 2000 వరకు నమోదైన 137 దాడుల్లో మరణాలు 11. ఈ సంఖ్యలను యథాతథంగా దక్షిణ తెలంగాణకు అన్వయించకూడదు. కాని గాయానికీ మరణానికీ ఉన్న నిష్పత్తిని గ్రహించడానికి ఇవి చాలు. మరణాల పట్టిక అనే వలసకాలపు జల్లెడలో పోస్తే 735 మందిలో మిగిలేది 48 మందే. కన్ను పోయినవారు, దవడ విరిగినవారు, చేయి పనికిరాకుండా పోయినవారు, ముఖం చెదిరి నలుగురిలోకి రాలేనివారు ఆ జల్లెడలోంచి జారిపోతారు.

ఈ ఖాళీని వేట సాహిత్యం తనదైన రీతిలో నింపింది. అందులో ఎలుగుకు రెండు ముఖాలు కనిపిస్తాయి. ఒకటి వింతచేష్టల హాస్యజంతువు. రెండోది కారణం లేకుండా మీదపడే ఉన్మాది. కెన్నెత్ ఆండర్సన్ 1957లో ప్రచురించిన గ్రంథంలో వర్ణించిన మైసూరు నల్ల ఎలుగు 12 మందిని చంపిందని చెబుతారు. అటువంటి ఉదంతం అసాధారణమైనది కాబట్టే గ్రంథస్థమైంది. అసాధారణం గ్రంథాలకెక్కి, సాధారణం పట్టికలకు ఎక్కకపోవడం వల్ల ఎలుగును గురించిన లిఖిత జ్ఞానం రెండు వైపులా వక్రమైంది.

5. అమ్రాబాద్ పీఠభూమి: చెంచులు, ఎలుగు, ఒకే తిండి

ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమిపై చెంచుల మధ్య నివసించి పరిశోధన చేశాడు. 1943లో వెలువడిన ఆయన గ్రంథం చెంచుల జీవనంపై ఇప్పటికీ ప్రామాణికం. ఆయన సిఫార్సుల ఫలితంగానే నిజాం ప్రభుత్వం చెంచులకు ఒక ప్రత్యేక రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేసింది. ఆయన వర్ణించిన చెంచులు వ్యవసాయం కన్నా సేకరణపైనే ఎక్కువగా ఆధారపడినవారు. విల్లమ్ములు, తవ్వుకోల వారి ముఖ్య పనిముట్లు. దుంపలు, పండ్లు, ఇప్పపువ్వు, తేనె వారి ఆహారం. వేట దొరికితే గారెల మైసమ్మకు మొక్కు చెల్లించేవారు.

ఈ ఆహారాల జాబితాను ఎలుగు ఆహారంతో పక్కపక్కన పెట్టి చూస్తే చెదపురుగులు మినహా తక్కినదంతా దాదాపు ఒక్కటే. తునికి, మొర్రి, నేరేడు, మేడి, రేగు పండ్లు, ఇప్పపువ్వు, తేనె ఇద్దరికీ కావలసినవే. ఇప్పపువ్వు వేకువన రాలుతుంది. ఎండ పడకముందే ఏరుకోవాలి. రాత్రంతా తిరిగిన ఎలుగు కూడా ఆ వేళకే చెట్టు కిందికి చేరుతుంది. వంగి ఏరుకుంటున్న మనిషి, తలవంచి తింటున్న జంతువు ఒకరినొకరు గమనించేసరికి మధ్యనున్న దూరం కొద్ది బారలే కావచ్చు.

తేనె విషయంలో చెంచుల పద్ధతి ప్రసిద్ధం. ఎత్తైన కొండచరియల నుండి తాడుకు వేలాడుతూ పట్టును కోస్తారు. తాడు పట్టుకునే బాధ్యత బావమరిదిది. తన చెల్లెలు లేదా అక్క పసుపుకుంకుమలు ఎవరి ప్రాణంతో ముడిపడి ఉన్నాయో ఆ మనిషి తాడును ఆమె తోబుట్టువు వదలడన్న నమ్మకం ఇందులో ఉంది. ప్రాణాపాయమున్న పనిని బంధుత్వం ఆధారంగా నిర్వహించిన ఈ పద్ధతి, అపాయాన్ని తప్పించలేని సమాజం దానిని ఎలా పంచుకుంటుందో తెలుపుతుంది. అడవిలోకి జట్టుగా వెళ్లడం, పిల్లల ఎలుగు జాడ కనబడితే దారి మార్చడం, పొదలున్న చోట మాట్లాడుకుంటూ నడవడం కూడా ఇటువంటి ఏర్పాట్లే.

అయితే ఇరవయ్యో శతాబ్దంలో సేకరణ తీరు మారింది. సొంత తిండికోసం సాగిన సేకరణ క్రమంగా సంతకోసం సాగే సేకరణ అయింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె, జిగురు వంటి ఫలసాయాలను కొనుగోలు చేసింది. 1971 చట్టంతో బీడీ ఆకు వంటి ఉత్పత్తుల వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. తపసి జిగురు దొరికేది రాతి వాలుల్లో. ఎలుగు పగలు పడుకునేదీ అక్కడే. తునికాకు కోత నడివేసవిలో సాగుతుంది. తునికి పండ్లు పండేదీ ఆ రోజుల్లోనే. కట్టల లెక్కన కూలి వచ్చే పనిలో తెల్లవారకముందే బయలుదేరాలి, ఇతరులు కోయని చోటు వెతుక్కోవాలి, వీలైనంత లోపలికి పోవాలి. జట్టుగా, నిదానంగా, మాట్లాడుకుంటూ సాగే నడకకు ఈ తొందర విరుద్ధం. ఈ పనిలో చెంచులతోపాటు తండాల లంబాడీ స్త్రీలు, అడవి అంచు పల్లెల పేదలు పాల్గొంటారు. ఎలుగు మారలేదు. దానిని ఎదుర్కొనే మనిషి పనివేళలు, పనిచోట్లు, పనితీరు మారాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణ యాత్రలది. శ్రీశైల క్షేత్రానికి ఉత్తర ద్వారం ఉమామహేశ్వరం, పశ్చిమ ద్వారం అలంపురం. రెండూ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. శ్రీశైల యాత్రికులు శతాబ్దాలుగా ఈ అడవిదారుల్లో నడిచారు. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరకు నేటికీ జనం లోయలోకి కాలినడకన దిగుతారు. గుంపులు గుంపులుగా, లింగమయ్యను ఎలుగెత్తి పిలుస్తూ వెళ్తారు. అది భక్తితో చేసే పిలుపు. దాని ఫలితంగా మనుషుల రాక అడవికి ముందే తెలుస్తుంది. దారిలోని జంతువుకు తొలగిపోవడానికి సమయం దొరుకుతుంది. ఎలుగు దాడులను పరిశోధించినవారు నేడు ఇచ్చే సలహాలో మొదటి అంశం ఇదే: ఒంటరిగా, నిశ్శబ్దంగా నడవవద్దు. ఒకే వేసవిలో, ఒకే అడవిలో, గుంపుగా పిలుస్తూ పోయే యాత్రికునికీ, ఒంటరిగా వంగి ఆకు కోసే కూలికీ ఉన్న ప్రమాదం ఒకటి కాదు.

6. వీధిలో ఎలుగు

అడవికి దూరంగా ఉన్న పల్లెల్లో, పట్టణాల్లో ఎలుగును పరిచయం చేసినవారు దానిని ఆడించే కలందరులు. ముక్కుకు తాడు కట్టిన ఎలుగును ఇంటింటి ముందు ఆడించడం, జడుసుకున్న పిల్లలను దానిపై కూర్చోబెట్టడం, దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి కట్టడం తెలుగు పల్లెల్లో సుపరిచిత దృశ్యాలు. భయానికి మందుగా భయపెట్టే జంతువునే వాడిన ఈ ఆచారంలో ఎలుగు శక్తికి ప్రతీక. ఆ ప్రతీక వెనుక జరిగినది వేరు. పిల్లను పట్టాలంటే సాధారణంగా తల్లిని చంపవలసి ఉంటుంది. పట్టిన పిల్ల ముక్కును కాల్చిన ఇనుముతో తొలచి తాడు వేస్తారు, కోరలను ఊడదీస్తారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగును వేటాడటాన్ని, పట్టడాన్ని నిషేధించింది. 1998లో కేంద్రం జారీచేసిన ప్రకటన ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాల ప్రదర్శనను నిషేధించగా, 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ వంటి సంస్థలు కలందరులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపుతూ 600కు పైగా ఎలుగులను విడిపించాయి. 2009 డిసెంబరుతో దేశంలో ఈ ఆట ముగిసినట్లు ప్రకటించారు. ఈ చరిత్రలో ఎవరు ఎవరికి ప్రమాదకరం అన్న ప్రశ్న తలకిందులవుతుంది. బహుమతుల వేట, పిల్లల పట్టివేత, గుట్టల తవ్వకం, అడవుల నరికివేత కలిపి చూస్తే, మనిషి వల్ల ఎలుగుజాతికి కలిగిన నష్టం ఎలుగు వల్ల మానవజాతికి కలిగిన నష్టంకన్నా ఎన్నో రెట్లు పెద్దది. కాని ఆ లెక్క గాయపడిన కూలిమనిషికి ఊరట కాదు. జాతుల స్థాయిలో సత్యమైనది వ్యక్తి స్థాయిలో న్యాయం కాజాలదు.

7. రక్షణ చట్టం, పరిహారం, మిగిలిన ఖాళీ

1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది పులుల సంరక్షణ పథకంలో చేరింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. దాని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. పులి పేరున ఏర్పడిన రక్షణ ఎలుగుకూ అక్కరకు వచ్చింది. కాని అభయారణ్యానికి వెలుపల, నల్లగొండ, మహబూబ్‌నగర్ మైదానాల్లోని రాతిగుట్టలకు అటువంటి రక్షణ లేదు. పొరుగున బళ్లారి సీమలో ఇటువంటి గుట్టల మధ్యనే 1994లో దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం ఏర్పడింది. పులి లేని మెట్టగుట్టను కూడా ఎలుగు కోసం రక్షించవచ్చని అది నిరూపించింది.

చట్టం మనిషిని పూర్తిగా విస్మరించలేదు. ఆత్మరక్షణకై, సద్బుద్ధితో మృగాన్ని గాయపరచినా చంపినా నేరం కాదని 11వ సెక్షను చెబుతుంది. అయితే గుహ ముందు, పొద పక్కన, క్షణకాలంలో ముగిసే దాడిలో ఆ హక్కు ఉపయోగించుకునే వ్యవధి దొరకడం అరుదు. ఆచరణలో బాధితునికి మిగిలేది పరిహారం. వన్యమృగాల దాడిలో మరణించినవారి కుటుంబానికి, శాశ్వత వైకల్యం పొందినవారికి కేంద్రం నిర్దేశించిన మొత్తం 2023 డిసెంబరులో 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెరిగింది. తీవ్ర గాయానికి నిర్దేశించినది 2 లక్షలు. మృతుల లెక్కతోనే ఆగిన వలస పట్టికకన్నా ఇది మేలు, గాయానికి ఇందులో చోటు దొరికింది. కాని శాశ్వత వైకల్యానికీ తీవ్ర గాయానికీ మధ్య గీత ఎక్కడ గీస్తారన్నది ఎలుగు బాధితుల విషయంలో కీలకం. చెదిరిన ముఖం, ఒంటికన్ను చూపు, పట్టు తప్పిన వేళ్లు కూలిపనిని, పెళ్లిని, సంఘంలో తిరగడాన్ని ప్రభావితం చేస్తాయి. ఆసుపత్రి పత్రంలో అవి 'గాయం' అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి.

ఈ చర్చకు మరో పార్శ్వం ఉంది. అభయారణ్యం లోపలి పెంటల నుండి చెంచుల తరలింపును గురించిన వాదోపవాదాల్లో 'అడవి మనిషికి ప్రమాదకరం' అన్న మాట వినిపిస్తుంది. ప్రమాదం జంతువు గుణమే అయితే మనిషినో జంతువునో తొలగించడం తప్ప మార్గం లేదు. వలస పాలన జంతువును తొలగించే దారిని ఎంచుకుంది. తరలింపు మనిషిని తొలగించే దారి. ప్రమాదం భేటీకి చెందినదని గుర్తిస్తే మూడో దారి తెరుచుకుంటుంది: వేళను, చోటును, పనితీరును మార్చడం. 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించిన సేకరణ హక్కు సార్థకం కావాలంటే ఈ మూడో దారి అవసరం. ప్రాణభయం నడుమ వాడుకోవలసిన హక్కు సగం హక్కే.

8. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, దక్కను ఎలుగు మనిషిని వేటాడే జంతువు కాదు. అకస్మాత్తుగా ఎదురైన మనిషిని ముప్పుగా భావించి ఎదిరించే జంతువు. రెండు, అటువంటి దాడులు అధికంగా గాయాలకు, అరుదుగా మరణాలకు దారితీస్తాయి. మరణాలను మాత్రమే లెక్కించిన పట్టికలు ఈ ప్రమాదాన్ని తక్కువ చేసి చూపాయి. అరుదైన ఉదంతాలను వర్ణించిన వేట సాహిత్యం జంతువు క్రూరత్వాన్ని ఎక్కువ చేసి చూపింది. మూడు, దక్షిణ తెలంగాణలో మనిషికీ ఎలుగుకూ ఆహారం, ఋతువు, చోటు ఉమ్మడివి కాగా, సంత కోసం సాగిన సేకరణ పాత జాగ్రత్తల ఆచరణకు అడ్డుపడింది.

కనుక ముందుగా మారవలసినది నమోదు పద్ధతి. ప్రతి దాడికీ వేళ, చోటు, బాధితులు చేస్తున్న పని, ఒంటరిగా ఉన్నారా జట్టుగా ఉన్నారా, ఎలుగుతో పిల్లలున్నాయా, గాయం ఎక్కడ తగిలింది, ఏడాది తరువాత బాధితుల జీవనోపాధి ఏ స్థితిలో ఉంది అన్న వివరాలను అటవీ శాఖ, వైద్య శాఖలు కలిసి నమోదు చేయాలి. చెంచుల, లంబాడీల, గొల్లకురుమల నోటి చరిత్రలను విశ్వవిద్యాలయాల చరిత్ర, జానపద, మానవశాస్త్ర విభాగాలు ఆ నమోదుకు జోడించాలి. ఏ పొద దగ్గర మాట్లాడుకుంటూ నడవాలో, ఏ నెలలో ఏ గుట్ట ఎక్కకూడదో తెలిసినవారు ఇప్పటికీ ఆ పెంటల్లో, తండాల్లో ఉన్నారు. గాయాలతో బతికినవారూ అక్కడే ఉన్నారు. ఎలుగు చరిత్రకు మొదటి సాక్షులు వారే. ఇన్నాళ్లూ రాతకెక్కనిది వారి వాంగ్మూలమే.